ఇంకో సుట్టు

ఓబులేష్ మాల వేసుకున్నాడంటే శివజ్యోతి మొదట నమ్మలేదు. కార్తీకం వచ్చిందంటే కోయిలకుంట్ల బజారులో సగం మంది నల్లబట్టల్లోనే తిరుగుతారు, అందులో వింతేమీ లేదు. అయ్యప్ప మీద ఆమెకు భక్తే తప్ప కోపం లేదు. కోపమంతా ఆ దేవుడి పేరు చెప్పుకుని రాత్రికి రాత్రే పెద్దమనిషైపోయిన ఓబులేష్ మీద. మొన్నటిదాకా చిన్న రిపేరుకు కూడా పదిసార్లు తిప్పించుకుని, గట్టిగా అడిగినవాళ్ళ మీద గుట్కా తుంపర్లు పడేలా బూతులు లంకించుకున్న మెకానిక్ ఇతనే. ఇప్పుడు మెడలో తులసిపూసలు, నుదుటి నిండా విభూతి, నాపరాళ్ళు పరిచిన షెడ్డులో ఒట్టి కాళ్ళు.

పొద్దున ఆమె షెడ్డు గేటు దగ్గరికి రాగానే ముఖం అటు తిప్పుకున్నాడు. మొగుడు పోయిన ఆడది పొద్దున్నే ఎదురొచ్చింది మరి! కాసేపు దేవుడి పటం వైపు చూసి, చేతులు కళ్ళకద్దుకుని, అప్పుడు తిరిగి, "రా మాతా" అన్నాడు.

మాత! నెల కిందటి వరకూ వదినా అని పిలిచి, ఆమె చేసిన పూర్ణం ఓళిగలు డజన్ల కొద్దీ మింగిన నోటితోనే మాత అన్నాడు. శివజ్యోతికి ఒళ్ళు మండింది. అయినా అవసరం తనది. మాల వేసుకున్నవాణ్ణి ఊరంతా స్వామీ అనాల్సిందే కాబట్టి తనూ అంది.

"కారు సంగతి ఏం జేసినావు స్వామీ?"

"సూస్తాండా మాతా. శానా పాతబండి. ఆ బోల్టు రాదు."

రాదు అన్న ముక్క అనడానికి అతను బోల్టు వైపు కనీసం వంగి కూడా చూడలేదు.

ఆ కారు ఆమె భర్త గోపన్నది. బతికున్నన్నాళ్ళూ అందులో మంగంపేట ముగ్గురాయి గనులకు మేస్త్రీలను చేరవేశాడు. ఆ తెల్లటి దుమ్ము కారు కింది ఇనుములో ఎక్కడ సందు దొరికితే అక్కడ దూరింది. ఆపైన ఇంటి బోరులోని ఉప్పునీళ్ళతో కడిగిన కడుగుళ్ళు. ముందు చక్రాన్ని మోసే ఆర్మ్‌ను కారుకు బిగించే పొడుగాటి బోల్టు ఒకటుంటుంది, అది తన చుట్టూ తొడుగులా ఉన్న బుష్‌తో కలిసి తుప్పుపట్టి ఒకటే ముద్దయిపోయింది. బుష్ అరిగి చక్రం తాగుబోతులా ఊగుతోంది. కొత్త బుష్ వేయాలంటే ముందు పాత బోల్టు బయటికి రావాలి.

గోపన్న పోయాక శివజ్యోతి మరిది రంగనాథ్ పంచన చేరింది. రంగనాథ్‌కు శనగల మండీ ఉంది. మండీ హమాలీలందరికీ రెండు పూటలా వండిపెట్టే పని ఆమె మీద పడింది. ఇంటిమనిషి కదా, జీతమెందుకు అన్నాడు. పొగలో కళ్ళు వాచేలా వండితే, ఎవడో ఒకడు చారులో ఉప్పు తక్కువైందని కంచం తోసేవాడు. అప్పుడు ఆమె కారు తాళాలు తీసుకుని, కోత అయిపోయిన జొన్నచేలో తనకు తానే డ్రైవింగు నేర్చుకుంది. కోయగా మిగిలిన కొయ్యకాళ్ళ మీద కారు ఎగిరెగిరి పడుతుంటే గట్టు మీద కూర్చుని నవ్వినవాళ్ళలో రంగనాథ్ మొదటివాడు. ఆ తర్వాత ఆమె పెళ్ళిళ్ళకు ఓళిగలు చేసి వేడివేడిగా బనగానపల్లె నుంచి జమ్మలమడుగు దాకా తానే తోలుకుపోయి ఇచ్చి వస్తుంటే మాత్రం అతనికి నవ్వు రాలేదు. ఇంటి పరువు గుర్తుకొచ్చింది.

కారు కాగితాలు రంగనాథ్ పేరు మీద ఉన్నాయి. అన్నదమ్ములు వేరు పడకముందు కొన్న బండి అది. చక్రం ఊగడం మొదలవగానే అతను నలుగురినీ కూర్చోబెట్టుకుని, పాత ఇనుముకు ఇచ్చేద్దామన్నాడు. శివజ్యోతి ఒప్పుకోలేదు. అప్పుడు రంగనాథ్ ఎంతో ఉదారంగా, "సరే వదినా, రేపు పొద్దుగూకేలోపు అది తన చక్రాల మీద తాను షెడ్డులోంచి బయటికొస్తే నీది. కాగితాలు కూడా నీ పేరుకే రాపిస్తా. రాకపోతే పాత ఇనుముల ఉరుకుందు ఎత్తకపోతాడు. నువ్వు మళ్ళా మండీ వంటకు రావాల" అన్నాడు. నలుగురూ తలలూపారు. ఆ తలలు ఊగిన తీరు చూసి ఆమెకు అసహ్యమేసింది. ఆ కోపంలోనే, "అట్లే కానీ" అనేసింది. అని వచ్చేసిన తర్వాతగానీ ఏం ఒప్పుకుందో తనకే తెలిసి రాలేదు.

అందుకే ఇవాళ పొద్దున్నుంచి షెడ్డు ముందు బల్ల మీద కూర్చుని ఉంది. రోడ్డు పక్కన పాత ఇనుము కొనే ఉరుకుందు కూడా తన ట్రాలీ ఆటోలో కాళ్ళు బారజాపుకుని, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడు. పెళ్ళిలో భోజనాల పిలుపు కోసం చూస్తున్నవాడిలా అంత తీరిగ్గా ఉన్నాడు. మధ్యమధ్యలో కారు వైపు చూసి, ఎంత తూగుతుందో లెక్క వేసుకుంటున్నట్టు పెదవులు కదిలించాడు.

షెడ్డులో ఓబులేష్‌కు తోడు గాబ్రియేలు ఉన్నాడు. నడివయసు మనిషి. ప్రతి ఆదివారం చర్చిలో డోలు వాయిస్తాడు, తక్కిన ఆరు రోజులూ ఓబులేష్ కింద పనిచేస్తాడు. కండ ఉంది, మాట లేదు. చెప్పింది చేస్తాడు, చెప్పనిది చచ్చినా చేయడు. శివజ్యోతి అతణ్ణి చాలా కాలంగా ఎరుగును. గానుగకు కట్టిన ఎద్దు, అంతే అనుకునేది.

ఇద్దరూ కారు కిందికి దూరారు. చక్రం వైపు నుంచి ఓబులేష్ నట్టుకు పానా పట్టుకున్నాడు. అవతలి వైపు నుంచి గాబ్రియేలు బోల్టు తలకు పానా వేసి, దాని పిడికి పొడుగాటి ఇనుప పైపు తొడిగాడు. ఇద్దరి మధ్యా ఇంజను అడ్డం, ఒకరి చేతులు ఒకరికి కనిపించవు.

"ముందు గుడి సుట్టు రవ్వంత బిగించప్పా. తుప్పు పగలనీ" అన్నాడు ఓబులేష్.

గాబ్రియేలు పైపు మీద బరువేశాడు. ఏదో సన్నగా కిర్రుమంది.

"ఆఁ! పగిలింది. ఇంగ ఇంకో సుట్టు!"

గాబ్రియేలు మళ్ళీ బరువేశాడు. బోల్టు కదల్లేదు.

"ఇంకో సుట్టు గాబ్రియేలూ!"

గాబ్రియేలు మెడ నరాలు తేలేలా నొక్కాడు. బోల్టు మాత్రం బిగుసుకుపోయి ఉంది.

అలా మొదలైంది. డీజిల్ పోశారు, కాసేపు ఆగారు, మళ్ళీ నొక్కారు. కిరసనాయిలు పోశారు. సమ్మెటతో కొట్టారు. ఈలోగా ఊళ్ళో పనిలేనివాళ్ళందరికీ షెడ్డులో పని దొరికింది. రిటైరైన బస్సు కండక్టరు కంబన్న వచ్చి, కూల్‌డ్రింకు పోస్తే తుప్పు కరుగుతుందని చెప్పి, తెప్పించిన సీసాలో సగం తాను తాగి మిగతాది బోల్టు మీద పోయించాడు. ఇంకొకడు మైనం కాల్చి పెట్టమన్నాడు. మరొకడు, ఈ పాతబండ్లలో ఇనుము మంచిదని, అందుకే రాదని, మంచి ఇనుము ఎలా ఉంటుందో ఉపన్యాసం ఇచ్చాడు. ఇంట్లో కుళాయి వాషరు మార్చుకోలేని మొహాలు! వీళ్ళ పెళ్ళాలు వీళ్ళను ఇంట్లోంచి ఎందుకు తరిమేస్తారో శివజ్యోతికి ఇప్పుడు అర్థమైంది.

ప్రతి సలహా తర్వాతా కారు కింద నుంచి ఓబులేష్ గొంతు. "ఇంకో సుట్టు! ఇంకో సుట్టు!" ఒక చేత్తో పానా, రెండో చేత్తో ఫోను. ఇరుముడి కట్టుకునే రోజు ఏ పూజారిని పిలవాలో, ఏ బస్సు మాట్లాడాలో ఎవరితోనో చర్చ. కారు కింద వెల్లకిలా పడుకుని శబరిమల బస్సులో సీట్లు పంచుతున్నాడు.

మధ్యాహ్నం రంగనాథ్ వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా. శనగల మండీలో కూర్చునేవాడికి అంత తెల్లచొక్కా ఎలా సాధ్యమో ఆ దేవుడికే తెలియాలి. కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ మీద చేయివేసి, గొంతులో ఎక్కడలేని దిగులూ తెచ్చుకున్నాడు.

"అన్న ఉన్నప్పుడు ఈ బండి ఎట్లా తిరిగేది! జరగరానిది జరిగిపాయ. ఏం జేస్తాం వదినా, దాని రుణం తీరిపాయ అనుకోవాల."

జరగరానిది జరిగిపోయిందట. ఇన్నేళ్ళుగా ఆమె చెవిలో పడుతున్నది ఇదే ముక్క. అన్న ఉన్నప్పుడు, ఆయన దూరమయ్యాక, ఆ సంగతి జరిగాక. గోపన్న చచ్చిపోయాడని ఒక్కడూ అనడు. ఆ మాట అంటే ఆమె మనసు నొచ్చుకుంటుందట. మనసు నొచ్చుకుంటుందని అంత భయపడేవాళ్ళలో, హమాలీలకు వండిపెట్టి ఆమె చేతులు బొబ్బలెక్కినప్పుడు ఏ ఒక్కరూ నొచ్చుకోలేదు. మాటకు మాత్రం మడి కట్టుకున్నారు. వాళ్ళ సున్నితం మీద ఆమెకు ఉమ్మేయాలనిపించింది.

ఓబులేష్ కారు కింద నుంచి బయటికొచ్చి చేతులు తుడుచుకున్నాడు. "భిక్షకు టైమయింది స్వామీ. వచ్చినాక గ్యాస్ కట్టర్‌తో కోసేద్దాం" అని రంగనాథ్‌తో అన్నాడు.

"కోస్తే ఆర్మ్ కూడా పోతాది కదా స్వామీ?" అంది శివజ్యోతి.

"పోతాది మాతా. ఇంత పాతబండికి ఆర్మ్ యాడా దొరకదు. నేనేం జేద్దును?"

రంగనాథ్, ఓబులేష్, కంబన్న కలిసి భిక్ష పెట్టే ఇంటికి నడిచారు. తినడానికి పోయేటప్పుడు మాత్రం సలహాదారులందరిలోనూ ఎంత చురుకుదనమో! ఉరుకుందు ఒక్కడే ఆటోలోంచి కదల్లేదు. అతను చేప కోసం కొంగలా కాచుకుని కూర్చున్న మనిషి.

గాబ్రియేలు కారు పక్కన నేల మీద కూర్చుని చేతుల గ్రీజు తుడుచుకుంటున్నాడు. అరచేతులు ఎర్రగా కమిలిపోయాయి. శివజ్యోతి అతని మీదికి తిరిగింది. అక్కడ మిగిలింది అతనొక్కడే మరి.

"ఏం గాబ్రియేలూ, పొద్దుగాల్నుంచీ నూకుతాండావు. ఒక్క బోల్టు తీయల్యాకపోతివి. నీ బలమంతా డోలు మీదేనా?"

గాబ్రియేలు నొచ్చుకున్నట్టు కనిపించలేదు. "స్వామి సెప్పినట్టే జేస్తాండా కదక్కా."

"ఏం సెప్పినాడు?"

"గుడి సుట్టు తిప్పమన్న్యాడు, తిప్పితి. మళ్ళా ఇంకో సుట్టు, ఇంకో సుట్టు అంటానే ఉండాడు. ఎన్ని సుట్లని తిప్పేది? అది పూర్తిగా బిగిసిపోయిండాది. ఇంగ తిప్పితే తెగిపోతాది."

శివజ్యోతి బల్ల మీంచి చటుక్కున లేచింది.

కోయిలకుంట్ల షెడ్లలో కుడి, ఎడమ అనే మాటలు లేవు. కారు కింద బోర్లా, వెల్లకిలా పడుకునేవాడికి ఏది కుడో ఏది ఎడమో ఎప్పుడూ తికమకే. అందుకని ఈ ఊరి మెకానిక్కులందరికీ పని నేర్పిన ఖాసిం ఉస్తాదు వాళ్ళకు రెండే మాటలు నేర్పాడు. గుడి సుట్టు, అంటే గుడి చుట్టూ ప్రదక్షిణం తిరిగినట్టు తిప్పడం. దాంతో బోల్టు బిగుస్తుంది. సావు సుట్టు, అంటే కుండ భుజాన పెట్టుకుని చితి చుట్టూ అపసవ్యంగా తిరిగినట్టు తిప్పడం. దాంతో ఊడుతుంది. ఉస్తాదు ఏ గుడి చుట్టూ తిరిగినవాడు కాదు, గాబ్రియేలూ కాదు. అయినా ఆ మాటలు షెడ్డులో పానాల్లాంటివి, వాటికి మతం లేదు. గోపన్న కూడా ఇంట్లో సీసా మూత రాకపోతే, సావు సుట్టు తిప్పవే అనేవాడు.

ఇప్పుడు స్వామివారు మాలలో ఉన్నారు. సావు అనే మాట నోట రాకూడదు. అందుకని ఆయన దానికి మడి కట్టి, ఇంకో సుట్టు అంటున్నాడు. ఆ రెండోది, ఇంకొకటి ఉంది కదా, అది అని ఆయన ఉద్దేశం. గాబ్రియేలుకు మాత్రం ఇంకో సుట్టు అంటే మరొక్కసారి అదే. అలా పొద్దున్నుంచి ఆ బోల్టును విప్పుతున్నామనుకుంటూ ఊరంతా కలిసి బిగించింది.

ఆమెకు నవ్వు రాలేదు. ఒక్క మాట అనడానికి నోరు రాని మనిషి వల్ల తన బతుకు మళ్ళీ మండీ పొయ్యి ముందుకు పోబోతోంది. పైగా వాడు ఇప్పుడు విస్తరి ముందు కూర్చుని పాయసం వడ్డించుకుంటున్నాడు.

"అది కాదు గాబ్రియేలూ, స్వామి సెప్పింది సావు సుట్టు! ఆ మాట అనకూడదని ఇంకోటి అంటాండాడు!"

గాబ్రియేలు కాసేపు ఆలోచించాడు. "అట్లయితే అట్లే సెప్పొచ్చు కదా" అన్నాడు చివరికి. "నాకూ అనుమానం వచ్చె. మాలలో ఉండే మనిషికి మారుమాట ఎందుకని ఊరుకుంటి."

శివజ్యోతి తల కొట్టుకుంది. ఒకడు మాట అనడు, ఇంకొకడు మాట అడగడు. వీళ్ళ చేతుల్లో కారు పెట్టినందుకు తనను తాను తిట్టుకుంది.

"సరే, ఇప్పుడు తిప్పు."

"అవతల నట్టు పట్టేటోళ్ళు గావాలక్కా. స్వామి రానీ."

స్వామి వచ్చాడు. తాంబూలం నములుతూ, వెంట రంగనాథ్‌తో, మిగతా మందతో వచ్చాడు. వస్తూనే గ్యాస్ సిలిండరు దొర్లించుకురమ్మని గాబ్రియేలుకు చెప్పాడు. ఉరుకుందు ఆటో దిగి, ఒళ్ళోని పొట్టు దులుపుకుని, గొలుసు విప్పడం మొదలుపెట్టాడు.

శివజ్యోతి సిలిండరుకు అడ్డంగా నిలబడింది. "కోసేది తర్వాత. ఇంకొక్కసారి నట్టు పట్టు స్వామీ. పట్టి, యా సుట్టు తిప్పాలో గాబ్రియేలుకు సరిగ్గా సెప్పు."

"పొద్దుగాల్నుంచీ సెప్తానే ఉండా కదా మాతా."

"ఇంకో సుట్టు గాదు. దాని పేరు సెప్పు."

ఓబులేష్‌కు అర్థమైంది. ముందు గాబ్రియేలు వైపు, తర్వాత బోల్టు వైపు చూశాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు. అయినా తప్పు ఒప్పుకునే జాతి కాదు. "మాలలో ఉండా. ఆ మాట అనను, ఇనను. ఇంగ ఈ కారును ముట్టను" అని రెండడుగులు వెనక్కి వేసి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కంబన్న ముక్కున వేలేసుకున్నాడు.

"వద్దులే వదినా" అన్నాడు రంగనాథ్, నలుగురికీ వినపడేలా మెత్తగా. "స్వామి చేత అట్లాంటి మాట అనిపిస్తే మంచిది కాదు. అందులోనూ నువ్వు..."

నువ్వు దగ్గర ఆగాడు. ఆ తర్వాతి మాట కూడా అనకూడనిదే కాబట్టి ఆగాడు.

శివజ్యోతి చీర కుచ్చిళ్ళు ఎత్తి నడుముకు దోపుకుంది. ఎవరూ ఆపేలోపు చక్రం వైపు నుంచి కారు కిందికి దూరింది. నాపరాయి మీద డీజిలు, కూల్‌డ్రింకు కలిసి జిగటగా వీపుకు అంటుకున్నాయి. నట్టుకు పానా పట్టించి, దాని పిడిని కారు ఇనుముకు ఆనించి, రెండు చేతులతో బిగించి పట్టుకుంది. కింద నుంచి ఆమెకు వాళ్ళ కాళ్ళు మాత్రమే కనిపించాయి. తెల్లప్యాంటు కాళ్ళు, ఒట్టి కాళ్ళు, చెప్పుల కాళ్ళు. ఒక్క జత కాళ్ళూ ఆమె వైపు అడుగు వేయలేదు.

"గాబ్రియేలూ!" రోడ్డు మీదికి వినపడేలా అరిచింది. "సావు సుట్టు! సావు సుట్టు తిప్పు!"

ఒట్టి కాళ్ళు ఉలిక్కిపడి దూరం జరిగాయి. ఎవరో "శరణమయ్యప్పా" అన్నారు. ఇంజను అవతల గాబ్రియేలు ఒక్కసారి గాలి పీల్చి పైపు మీద పడ్డాడు. ఏమీ జరగలేదు. పొద్దున్నుంచి బిగించిన బిగింపు కదా, అంత సులువుగా వస్తుందా?

"సావు సుట్టు గాబ్రియేలూ!"

ఠప్పుమని పెద్ద చప్పుడైంది. బోల్టు తెగిందేమోనని ఆమె కళ్ళు మూసుకుంది. తెగలేదు. పానా చేతిలో అదిరింది, ఎర్రటి తుప్పు పొడి ముఖం మీద రాలింది. అవతల పైపు సగం చుట్టు తిరిగింది. ఆ తర్వాత మరో సగం. కిర్రుకిర్రుమంటూ, ఇష్టం లేనట్టు, బోల్టు తిరుగుతూ వచ్చింది. ఆమెకు ఏడుపొచ్చింది. కారు కింద ఎవరూ చూడరు కాబట్టి కాసేపు ఏడ్చింది.

మిగతా పనంతా గాబ్రియేలు చేశాడు. బోల్టును వెనక నుంచి కొట్టి బయటికి తీశాడు. పాత బుష్ పెకలించి, ఆమె నంద్యాల నుంచి తెచ్చిన కొత్తది కూర్చి, కొత్త బోల్టుకు గ్రీజు పూసి ఎక్కించాడు. స్వామివారు దూరంగా కుర్చీలో కూర్చుని, చెవిన పడకూడని మాట పడింది కాబట్టి మళ్ళీ తలస్నానం చేయాలని వచ్చినవాళ్ళకల్లా చెప్పాడు. సలహాదారులు ఒక్కొక్కరే ఇళ్ళు గుర్తుకొచ్చి లేచిపోయారు. పోతూ పోతూ కంబన్న, తన కూల్‌డ్రింకు వల్లే తుప్పు కరిగిందని తేల్చాడు.

పొద్దు పడమటికి వాలింది కానీ ఇంకా గూకలేదు. శివజ్యోతి కారు స్టార్టు చేసింది. గ్రీజు మరకల చీర, తుప్పు అంటిన ముఖం అలాగే ఉన్నాయి. స్టీరింగు రెండు వైపులా తిప్పి చూసుకుంది. చక్రం ఊగలేదు. నెమ్మదిగా షెడ్డు గేటు దాటుతుంటే రంగనాథ్ కిటికీ దగ్గరికి వచ్చాడు. పందెం పోయిన మనిషి ముఖం కాదు అది. ఇంకా బుద్ధి చెప్పాలనే ముఖం.

"కారుదేముందిలే వదినా, తీసకపో. మాటంటే మాటే, కాగితాలు రాపిస్తా. కానీ నలుగురిలో, నీ నోటితో, ఆ మాట ఎట్లా అంటివి? ఇంటి ఆడది అనే మాటేనా అది?"

శివజ్యోతి బ్రేకు మీద కాలు పెట్టి అతని కళ్ళలోకి చూసింది.

"మీ అన్న సచ్చిపోయినాడు రంగనాథూ. నేను సావల్యా."

ఎదురుగా దారికి అడ్డంగా ఉన్న ట్రాలీ ఆటోను ఉరుకుందు తనంతట తానే పక్కకు తీశాడు.